సోంపేట సభ్యుడు
(సర్దార్ గౌతు లచ్చన్న స్మారకోపన్యాస పాఠం, డిగ్నాబాద్, అండమాన్)



నిన్న సాయంత్రం ఈ సభకు కుర్చీలు మోస్తున్న కుర్రాడొకడు నన్ను పట్టుకున్నాడు. వాళ్ల తాతది కవిటి ప్రాంతం. వాడు పుట్టిందీ చదివిందీ ఇక్కడే. ఇంట్లో తెలుగు, గడప దాటితే హిందీ. "సార్, రేపు మీరు చెప్పబోయే ఆయన ఎమ్మెల్యే అట కదా, ఎమ్మెల్యే ఏం పని చేస్తాడు?" అన్నాడు. ముందు నవ్వొచ్చింది. మరుక్షణం నవ్వినందుకు సిగ్గేసింది. వాడికి ఎలా తెలుస్తుంది? ఈ అండమాన్ నికోబార్ దీవులకు శాసనసభ లేదు. లెఫ్టినెంట్ గవర్నర్ ఉన్నారు, ఢిల్లీలో ఒక్క ఎంపీ ఉన్నారు, మున్సిపాలిటీ ఉంది, పంచాయతీలున్నాయి. మధ్యలో ఉండాల్సిన మెట్టు లేదు. అక్కడ మన ఊళ్లలో పింఛను ఆగినా, కల్వర్టు కూలినా, కొడుకును స్టేషన్లో కూర్చోబెట్టినా జనం ముందు తలుచుకునేది ఎమ్మెల్యేనే. దీవించేదీ తిట్టేదీ ఆయన్నే.

2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది తెలుగు తమ మాతృభాష అని చెప్పారు. అంటే ఇంచుమించు అర లక్ష మంది. అందులో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లో, వాళ్ల బిడ్డలో. కాబట్టి ఆ కుర్రాడి ప్రశ్నకు జవాబుగానే ఈ ఉపన్యాసం సాగుతుంది. ఎమ్మెల్యే ఏం పని చేస్తాడో లచ్చన్న గారి జీవితంలో వెతుకుదాం.

లచ్చన్న గారు 1909 ఆగస్టు 16న సోంపేట దగ్గరి బారువలో పుట్టారు. మహేంద్రతనయ నది సముద్రంలో కలిసేది అక్కడే. ఒకపక్క కొబ్బరితోటలు, ఒకపక్క ఇసక, ఎదురుగా ఇదే బంగాళాఖాతం. మీకు పడమట కనపడేది, ఆయనకు తూర్పున కనపడింది. ఆయన పుట్టినప్పుడు బారువ గంజాం జిల్లాలో ఉంది. 1936లో ఒరిస్సా వేరుపడ్డాక విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది. 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. ఇల్లు కదల్లేదు, జిల్లాలు కదిలాయి. 1953 దాకా రాజధాని మద్రాసు, ఆ తర్వాత మూడేళ్లు కర్నూలు, ఆపైన హైదరాబాదు. మూడూ ఆ ఊరికి దూరమే. సర్కారు ఎప్పుడూ ఎక్కడో ఉంటుందన్న సంగతి తెలిసిన ఊరి నుంచి వచ్చిన మనిషి ఆయన. ఈ దీవుల్లో ఉన్నవాళ్లకు ఆ భావన నేను వేరే వివరించక్కర్లేదు.

వాళ్లది కల్లుగీత వృత్తి చేసుకునే కుటుంబం. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఆయన రాజకీయం మొత్తం తాటిచెట్టు మొదట్లోనే ఉంది. నడుముకు మోకు, చెట్టుకు మోకు, కాళ్లకు బందం. గీతకత్తి నడుముకు దోపుకుని తెల్లవారుజామున ఎక్కాలి, సాయంత్రం మళ్లీ ఎక్కాలి. ఎక్కిన ప్రతిసారీ గెల కొసను పల్చగా, ఆకు మందాన చెక్కాలి. మందంగా చెక్కితే గెల తొందరగా అయిపోతుంది, చెక్కకపోతే ధార ఆగిపోతుంది. కుండ మార్చి దిగాలి. ఒక్కపూట మానేస్తే ఆ గెల పాడు. జారితే నడుము విరుగుతుంది. ఇంత చేసిన మనిషిని ఊరు పక్కన కూర్చోబెట్టుకోదు. ఆ ఇంట్లో పుట్టిన పిల్లాడు ఇరవయ్యొకటో ఏట, 1930లో, బారువ సముద్రపు నీళ్లు కాచి ఉప్పు చేసి జైలుకెళ్లాడు. సొంత ఊరి నీళ్లు, సొంత ఊరి ఉప్పు. దండి దాకా వెళ్లాల్సిన పని పడలేదు.

తర్వాత ఎన్.జి. రంగా గారి వెంట రైతు ఉద్యమంలోకి వచ్చారు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. అది ముగిసిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. గొడవంతా అడవిలో కట్టెల గురించి. వంటచెరకు తెచ్చుకునే హక్కు రైతుదా, జమీందారుదా? ఆ కాల్పుల్లో వీరగున్నమ్మ, ఆమెతోపాటు మరికొందరు నేలకొరిగారు. సోంపేట వైపు ఏ పల్లెకు వెళ్లినా ముసలివాళ్లు ఈ కథ చెబుతారు, గున్నమ్మ తమ చుట్టమన్నట్టే చెబుతారు. లచ్చన్న గారి మీద ఆ తీరప్రాంతమైన ఉద్దానం జనానికి ఏర్పడిన గురి ఆ రోజులనాటిది. 1942 ఉద్యమంలో మళ్లీ జైలు. 'సర్దార్' అన్న బిరుదు జనం నోట అలా స్థిరపడిపోయింది.

ఇప్పుడు శాసనసభకు వద్దాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి, కర్నూలులో డేరాల్లో కచేరీలు. మద్రాసు రోజుల నాటి మద్యనిషేధం కొత్త రాష్ట్రంలోనూ సాగింది. చట్టం చేసినవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ తాటిచెట్టు తప్ప మరో ఆస్తిలేని వేల కుటుంబాల పొయ్యి ఆరిపోయింది. చెట్టెక్కితే నేరం, దిగితే ఆకలి. లచ్చన్న గారు గీత కార్మికులను కూడగట్టి సత్యాగ్రహం నడిపించారు. ప్రభుత్వం వేసిన రామమూర్తి కమిటీ కూడా నిషేధం ఎత్తేయమనే సిఫారసు చేసింది. ప్రభుత్వం ఆ సిఫారసును పక్కనపెట్టింది. రంగా, లచ్చన్న గార్ల కృషికార్ లోక్ పార్టీ, కమ్యూనిస్టులు ఒకవైపు చేరారు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం ఓటుకు వచ్చింది. ప్రభుత్వం ఓడిపోయింది. తేడా ఒకే ఒక్క ఓటు.

ఆ రోజు గురించి నాకు ఇప్పటికీ రెండు మనసులున్నాయి. ఎనభై రెండేళ్ల ప్రకాశం గారిని, సైమన్ కమిషన్ నాడు తుపాకులకు రొమ్ము చూపిన మనిషిని, ఏడాది తిరిగేసరికి కుర్చీలోంచి దింపడం కోస్తాలో చాలామందికి మింగుడుపడలేదు. మా ఇంట్లో పెద్దవాళ్లయితే లచ్చన్న గారి పేరెత్తితే చాలు, ముఖం చిట్లించేవారు. కానీ ఇంకోపక్క చూడండి. గీత గీసేవాడి బాధ అంతవరకు పత్రికల్లో ఒక మూల వచ్చే వార్త. ఆ ఒక్క ఓటుతో అది ఒక ప్రభుత్వం ఉండాలా పోవాలా అని తేల్చే విషయమైంది. చెట్టు మీది మనిషి బరువెంతో సభకు తెలిసింది. ఇందులో ఏది పెద్దదో మీరే తేల్చుకోండి.

అక్కడితో కథ నీటుగా ముగిసిందనుకోకండి. రాజకీయం అలా ముగియదు. నవంబరులో ఎవరితో కలిసి ఓటేశారో, తర్వాతి ఫిబ్రవరి ఎన్నికల్లో ఆ కమ్యూనిస్టుల మీదే పోటీకి దిగారు. కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ ఒక జట్టుగా నిలబడి 1955లో 196 స్థానాల్లో 146 గెలిచాయి. కమ్యూనిస్టులకు 15 మిగిలాయి. లచ్చన్న గారు సోంపేట నుంచి గెలిచి బెజవాడ గోపాలరెడ్డి గారి మంత్రివర్గంలో చేరారు. ఆయన్ని మెచ్చుకునేవాళ్లు ఈ పేజీ గబగబా తిప్పేస్తారు. నేను తిప్పలేను. ఏ సమస్య మీద ప్రభుత్వం కూలిందో, ఆ మద్యనిషేధం మాత్రం ప్రభుత్వం కూలినంత తొందరగా పోలేదు.

మంత్రిగా ఆయన చేసిన పనుల పట్టీ చదివి మీ సమయం తీసుకోను. నా దృష్టిలో ఆయన మంత్రి పదవికి పుట్టిన మనిషి కారు, ఎదురుబెంచీ మనిషి. 1959లో రాజాజీ, రంగా, మసానీలు స్వతంత్ర పార్టీ పెడితే అందులో చేరారు. రాజులూ మిల్లు యజమానులూ ఉన్న పార్టీలో కల్లుగీత ఇంటి బిడ్డ ఏం చేస్తున్నాడని ఎగతాళి చేసినవాళ్లున్నారు. ఆయన లెక్క వేరు: సహకార సేద్యం పేరుతో రైతు భూమి సర్కారు చేతికి పోతుందన్న భయం ఆ రోజుల్లో చిన్న రైతులోనూ ఉండేది. ఆ భయానికి గొంతిచ్చింది ఆ పార్టీయే. ఆ పార్టీ గుర్తు నక్షత్రం. మన ఊళ్ల భాషలో సుక్క.

1967 సంగతి వివరంగా చెప్పాలి, అది మీ సంగతి కూడా కాబట్టి. ఆ ఏడాది లచ్చన్న గారు సోంపేటలో శాసనసభకూ, శ్రీకాకుళంలో లోక్‌సభకూ రెండుచోట్లా గెలిచారు. అదే ఎన్నికల్లో గురువు రంగా గారు చిత్తూరులో ఓడిపోయారు. లచ్చన్న గారు లోక్‌సభ స్థానం వదిలేశారు. ఉప ఎన్నికలో రంగా గారు శ్రీకాకుళం నుంచి గెలిచి పార్లమెంటుకు వెళ్లారు. గుంటూరు జిల్లా మనిషి శ్రీకాకుళం ఎంపీ అయ్యారు. గెలిచిన ఢిల్లీ సీటును ఇంకొకరికి ఇచ్చేసి సోంపేటలో మిగిలిపోయినవాళ్లు ఎందరున్నారో చెప్పండి. గురుభక్తి అన్నారు కొందరు, వెర్రితనం అన్నారు కొందరు. నాకు మాత్రం ఆయన మొత్తం జీవితంలో ఒకే తీరు కనిపిస్తుంది. కుర్చీ ఎక్కడంలో కన్నా, కుర్చీని కదపడంలో, వదలడంలో ఆయనకు నేర్పు ఎక్కువ.

సరిగ్గా అదే 1967లో ఈ దీవుల జనం తమ ఎంపీని ఓటేసి ఎన్నుకోవడం మొదటిసారి జరిగింది. కె.ఆర్. గణేశ్ గారు గెలిచారు. అంతకుముందు 1952 నుంచీ అండమాన్ సభ్యుణ్ని నామినేట్ చేసేవారు. అంటే అక్కడ బారువ మనిషి గెలిచిన ఎంపీ పదవిని పక్కనపెట్టిన ఏడాదే ఇక్కడి మనిషికి ఎంపీని ఎంచుకునే హక్కు వచ్చింది.

ఓడ ఎక్కించి ఇక్కడికి తెచ్చిన ఇంకో తెలుగు సభ్యుణ్ని కూడా తలుచుకోకుండా ఉండలేను. అల్లూరి సీతారామరాజు దళంలోని గాం మల్లుదొర. ఉరిశిక్ష యావజ్జీవంగా మారి అండమాన్ జైలుకు వచ్చారు. బతికి బయటపడి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు. ఆయన కొండ మనిషి, లచ్చన్న గారు కడలి మనిషి. ఇద్దర్నీ సర్కారు నేరస్థులుగానే ముందు గుర్తించింది.

అందరూ సభల దారిలోనే నడవలేదన్నది కూడా చెప్పాలి. లచ్చన్న గారి సొంత ప్రాంతంలోనే, ఉద్దానంలో, 1968, 69ల్లో యువకులు తుపాకీ పట్టారు. బొడ్డపాడు కుర్రాడు పంచాది కృష్ణమూర్తి 1969 మేలో పోలీసు తూటాలకు పోయాడు. ఒకే ప్రాంతం మనుషుల్లో ఒకరు కర్నూలులో ఓటుతో ప్రభుత్వాన్ని దించారు, పదిహేనేళ్ల తర్వాత ఇంకొకరికి ఓటు మీద నమ్మకమే లేకపోయింది. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందన్నది శ్రీకాకుళం చరిత్రలో అసలు ప్రశ్న. దాన్ని మరో సభకు వదిలేస్తాను.

1972, 73 జై ఆంధ్ర ఉద్యమంలో లచ్చన్న గారు తెన్నేటి విశ్వనాథం గారి వంటివారితో కలిసి ముందు వరుసలో నిలిచారు. 1978లో జనతా పార్టీ తరఫున మళ్లీ సోంపేట నుంచి గెలిచారు. ఆ సభలో జనతాకు 60 మంది సభ్యులు, వాళ్లకు నాయకుడు లచ్చన్న గారు. డెబ్భైకి దగ్గరపడిన వయసులో ప్రతిపక్ష నాయకుడి స్థానం. ఆయన శరీరానికి సరిగ్గా సరిపోయిన చొక్కా అది.

తర్వాత 1985 నుంచి ఆయన కుమారుడు శ్యామసుందర శివాజీ గారు అదే సోంపేటకు వరసగా సభ్యులయ్యారు, 2014లో పలాస నుంచి గెలిచారు. 2024లో మనవరాలు శిరీష గారు పలాసలో గెలిచారు. జమీందారీలకు ఎదురు నిలిచిన ఇంటిలోనూ సీటు వారసత్వంగా దిగడం చూస్తే నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. ఓటేసింది జనమే కదా అని మీరు అంటారు. ఆ మాటా నిజమే.

2006 ఏప్రిల్ 19న విశాఖపట్నంలో లచ్చన్న గారు కన్నుమూశారు. నాగావళి మీది తోటపల్లి బ్యారేజీకి ఆయన పేరు పెట్టారు. ఆయన పోయిన నాలుగేళ్లకు, 2010 జులై 14న, సోంపేట బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. ఆ రోజే ఆ కేంద్రానికి పర్యావరణ అనుమతి రద్దయింది. మందసలో కట్టెల కోసం, బీలలో నీళ్ల కోసం. డెబ్భై ఏళ్ల దూరం ఉన్నా ఆ రెండు చోట్ల మధ్య బస్సు ప్రయాణం ఎంతోసేపు పట్టదు.

బాబూ, నువ్వు ఆ గుమ్మం దగ్గర నిలబడి వింటున్నావని చూస్తూనే ఉన్నాను. జవాబు పూర్తిగా చెప్పానో లేదో నాకే తెలియదు. ముందు వరుసలో కూర్చున్న ఆ పెద్దమ్మ గారిది సోంపేట పక్క పల్లె. 1967లో, పెళ్లయిన కొత్తలో, మొదటిసారి ఓటేశారట. ఆ తర్వాత విశాఖలో ఓడెక్కి ఇక్కడికి వచ్చేశారు. సభ మొదలుకాకముందు నా చెయ్యి పట్టుకుని, "ఆ సుక్క గుర్తు మీద ముద్దరేసింది నానే బాబూ, ఆలకి సెప్పు" అన్నారు. నేను చెప్పడం దేనికి, ఆవిడే చెబుతారు. ఆ మైకు కాస్త ఇటివ్వండి.