మూడు ఫోన్లు, మూడు లెక్కలు

(రాయగడలో జరిగిన మిల్లు కార్మికుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



చైత్ర పండుగకు మజ్జిగౌరమ్మను చూసుకోవడానికి ఊరు వచ్చినవాళ్లే ఈ సభలో సగం మంది ఉన్నారు. పండుగ కాగానే మళ్లీ గుంటూరు స్పిన్నింగు మిల్లులకో, కోయంబత్తూరు, తిరుప్పూరు వైపుకో రైలెక్కాలి. కాబట్టి ఈ పూట పెద్ద ఉపన్యాసం పెట్టుకోలేదు. మీ అందరి జేబుల్లోనూ ఉన్న ఫోను గురించి నాలుగు మాటలు చెప్పదలిచాం.

కోరాపుట్, రాయగడ జిల్లాల తెలుగువాళ్ల పరిస్థితి మీకు తెలియనిది కాదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. గీత జరిగింది గాని మనం జరగలేదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, మిల్లులో తమిళమో హిందీయో, చివరికి సంతకం పెట్టమని ముందుకు తోసే కాగితం ఇంగ్లీషులో. ఆ కాగితం చదివి చెప్పే మనిషి దొరకక మన తండ్రులు వేలిముద్ర వేసి వచ్చారు. ఇప్పుడు ఆ పని ఫోను చేస్తానంటోంది. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చింది. తరవాత జెమిని, క్లాడ్, వాట్సాప్‌లోనే ఉండే మెటా ఏఐ, ఇంకా ఎన్నో వచ్చాయి. కొన్నిటికి తెలుగులో నోటితో చెప్పినా చాలు, జవాబు వస్తుంది. ఇది మంచిదే. దీన్ని వద్దనే మూర్ఖత్వం మాకు లేదు. ఏ ఒక్క యంత్రం మాటా పట్టుకుని సంతకం పెట్టవద్దని మాత్రమే మేము చెప్పేది.

ఒక సంగతి వినండి. కొద్ది వారాల కిందట ఒక రింగ్‌ఫ్రేమ్ సైడర్ మా దగ్గరకు వచ్చాడు. అతని పేరూ వద్దు, మిల్లు పేరూ వద్దు. పన్నెండేళ్ల ఏడు నెలలు పనిచేసి ఈ ఏడాది మొదట్లో మానేశాడు. ఆఖరు నెల బేసిక్, డీఏ కలిపి 13,000 రూపాయలు. అది కాక కొద్దిగా ఇంటి అద్దె అలవెన్సు, అంతే. గ్రాట్యుటీ 84,500 రూపాయలని మిల్లు ఆఫీసులో కాగితం రాసి ఇచ్చారు. అతను ఊరికే నమ్మలేదు. ఫోను తీసి, "మిల్లువాళ్లు నా గ్రాట్యుటీ 84,500 అన్నారు, సరిగ్గానే ఉందా?" అని అడిగాడు. సరిగ్గానే ఉందని యంత్రం చెప్పి, లెక్క కూడా చేసి చూపించింది. సంతకం పెట్టడానికి సిద్ధమై, పెట్టేముందు ఒకసారి మాతో చెప్పిపోదామని వచ్చాడు.

మేము ఇంకో రెండు ఏఐలను అడిగాం. ఈసారి 84,500 అనే అంకె చెప్పలేదు. జీతం ఇంత, సర్వీసు ఇంత, నెల జీతగాడు, ఎంత రావాలి అని మాత్రమే అడిగాం. ఒకటి 90,000 అంది. ఇంకొకటి 97,500 అంది. "మూడూ మూడు మాటలు సెప్తన్నాయి, ఏది నమ్మాలన్నా?" అన్నాడతను. అంతవరకు అతనికి ఫోను మీద ఉన్న నమ్మకం ఒక్కసారిగా పోయింది. మాకు మాత్రం అప్పుడే దారి కనబడింది.

ఎందుకంటే మూడు జవాబులూ ఒక్కటే అయితే ఎక్కడ వెతకాలో తెలియదు. తేడా వచ్చింది కాబట్టి, తేడా ఎక్కడ వచ్చిందో చూడవచ్చు. మొదటిది నెల జీతాన్ని 30తో భాగించి 15తో హెచ్చించింది. మిగతా రెండూ 26తో భాగించాయి. రెండోది ఏడు నెలలను వదిలేసి పన్నెండేళ్లకే కట్టింది. మూడోది ఏడు నెలలను ఒక ఏడాదిగా తీసుకుని పదమూడేళ్లకు కట్టింది. అంటే తేలవలసినవి రెండే ప్రశ్నలు: ముప్ఫైయా, ఇరవై ఆరా? పన్నెండా, పదమూడా?

ఈ రెండిటికీ జవాబు చట్టంలో అచ్చయి ఉంది. నెల జీతాన్ని 26తో భాగించి 15తో హెచ్చించాలి. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కించాలి. 1972 నాటి గ్రాట్యుటీ చట్టంలోనూ అంతే, దాని స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రత కోడ్ 53వ సెక్షన్‌లోనూ అంతే. 13,000ను 26తో భాగిస్తే 500, పదిహేనింతలు 7,500, పదమూడేళ్లకు 97,500. మిల్లు కాగితానికీ దీనికీ తేడా 13,000 రూపాయలు. సరిగ్గా అతని ఒక నెల జీతం! సెక్షన్ నంబరు వేసి దరఖాస్తు రాయించి పంపాం.

ఇక్కడ రెండు విషయాలు మనసులో పెట్టుకోవాలి. మొదటిది, అడిగే తీరు. మనం ఒక అంకె ముందే చెప్పి "సరేనా?" అంటే ఈ యంత్రాలకు తలూపే గుణం ఉంది. గట్టిగా కాదంటే, "మీరన్నదే నిజం, క్షమించండి" అని మాట మార్చే గుణమూ ఉంది. సూపర్‌వైజర్ ముందు కొందరు ఎలా మాట్లాడతారో మీకు తెలుసు, అలాగన్నమాట. అందుచేత ప్రశ్నలో మనకు కావలసిన జవాబు ఉండకూడదు. ఒకే ప్రశ్నను, ఒకే మాటల్లో, ఒక్కొక్కదాన్ని విడివిడిగా అడగాలి. ఒకదాని జవాబు ఇంకొకదానికి ముందే చూపించకూడదు. అన్నీ వచ్చాక అప్పుడు చూపించి, "ఫలానా చోట తేడా ఎందుకు వచ్చింది, ఏ సెక్షన్ ప్రకారం?" అని నిలదీయవచ్చు.

రెండోది, సగటు తీయకూడదు. ఆ మూడు అంకెల సగటు 90,667. అది ఏ చట్టంలోనూ లేని అంకె. సగటు పనికివచ్చే చోట్లు వేరే ఉన్నాయి. 1906లో ఇంగ్లండులోని ప్లిమత్ సంతలో ఒక ఎద్దును కోస్తే మాంసం ఎంత తూగుతుందో జనం చీటీల మీద రాశారు. గాల్టన్ అనే పండితుడు 787 చీటీలు వరుసపెట్టి చూస్తే నడిమి అంకె 1,207 పౌన్లు, అసలు తూకం 1,198. ఒకడు ఎక్కువ చెప్పాడు, ఒకడు తక్కువ చెప్పాడు, రెండూ చెల్లిపోయాయి. కాని గ్రాట్యుటీ ఎద్దు కాదు గదా. దానికి కొలత ముందే రాసిపెట్టి ఉంది.

డ్రాఫ్రేమ్ మీద పనిచేసే తమ్ముళ్లకు ఇది వేరే చెప్పనక్కరలేదు. ఆరో ఎనిమిదో స్లైవర్లు కలిపి ఎందుకు లాగుతాం? ఒకదానిలో పలచన పడ్డచోట ఇంకొకదానిలో మందం పడి సమమవుతుందని. అయితే మిక్సింగులోనే చెత్త పత్తి పడితే? ఎనిమిది కాదు, ఎనభై స్లైవర్లు కలిపి లాగినా ఆ చెత్త నూలు దాకా వస్తుంది. ఈ ఏఐలన్నీ చాలా భాగం ఒకే మిక్సింగు మీద నడుస్తున్నాయి. కంపెనీలు వేరైనా, అవి చదివింది ఇంచుమించు అవే పుస్తకాలు, ఇంటర్నెట్‌లోని అవే పేజీలు. ఒక్కొక్కటి విడిగా చేసే పొరపాటు పోల్చి చూస్తే బయటపడుతుంది. అన్నీ కలిసి చేసే పొరపాటు బయటపడదు. కాబట్టి మూడూ ఒకే మాట చెప్పినంతమాత్రాన అది నిజమని అనుకోవద్దు.

దీనికి మనకు బాగా తగిలే ఉదాహరణ ఉంది. నాలుగు కార్మిక కోడ్‌లు పార్లమెంటులో 2019, 2020లలో పాసయ్యాయి. ఐదేళ్లపాటు అవి అమలు కాలేదు. 2025 నవంబర్ 21న కేంద్రం వాటిని అమల్లోకి తెచ్చింది. వాటి మీద కార్మిక సంఘాలకు ఉన్న అభ్యంతరాలు వేరే సభలో మాట్లాడుకుందాం. ఇప్పటి సంగతి ఏమిటంటే, ఈ యంత్రాల చదువు ఒక తేదీ దగ్గర ఆగిపోతుంది. ఆ తేదీ 2025 నవంబర్‌కు ముందుదైతే, ఇంటర్నెట్‌లో కొత్తగా వెతకని యంత్రం "కోడ్‌లు ఇంకా అమలు కాలేదు" అనే చెబుతుంది. మూడు యంత్రాలు అడిగితే మూడూ అదే చెప్పవచ్చు.

హాస్టల్లో ఉండి రెండేళ్లు, మూడేళ్ల ఒప్పందం మీద పనిచేసి వచ్చిన చెల్లెళ్లు ఇక్కడ ఉన్నారు. "ఐదేళ్లు నిండలేదు, గ్రాట్యుటీ రాదు" అని మూడు ఫోన్లూ ఒక్క గొంతుతో చెబితే వాళ్లు ఇంటికి వెళ్లిపోతారు. కొత్త కోడ్‌లో నిర్ణీత కాల ఒప్పందం ముగిసినవాళ్లకు ఐదేళ్ల షరతు లేదు. ఏడాది చేస్తే అర్హత ఉంటుందని కేంద్ర ప్రభుత్వమే ప్రకటించింది. ఆగిపోయిన చదువు మాట నమ్మితే రావలసిన డబ్బు పోతుంది. అందుకని ప్రశ్న చివర "ఈ రోజు తేదీ ఫలానా, ఇంటర్నెట్‌లో వెతికి చెప్పు, ఏ చట్టం, ఏ సెక్షన్, ఎప్పటినుంచి అమలు?" అని తప్పక చేర్చండి.

సెక్షన్ చెప్పగానే సరిపోదు, తెరిచి చూడాలి. 2023లో అమెరికాలో న్యూయార్క్ కోర్టులో ఏం జరిగిందో తెలుసా? ఏవియాంకా అనే విమాన కంపెనీ మీద దావాలో, చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను లాయర్లు కోర్టుకు సమర్పించారు. అలాంటి కేసులే లేవు! అనుమానం వచ్చినప్పుడు ఒక లాయరు ఏం చేశాడు? "ఈ కేసు నిజమేనా?" అని అదే చాట్‌జీపీటీని అడిగాడు. నిజమే అంది. జడ్జి వాళ్లకు 5,000 డాలర్ల జరిమానా వేశాడు. తప్పు రాసినవాణ్ణే పేపరు దిద్దమంటే అలాగే ఉంటుంది. ఒకే యంత్రాన్ని పదిసార్లు అడగడం పోల్చడం కాదు. చివరి పోలిక ఎప్పుడూ అచ్చులో ఉన్న చట్టంతోనే. కేంద్ర చట్టాలు ఇండియా కోడ్ వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి.

మన సరిహద్దువాళ్లకు ఇంకో చిక్కు ఉంది. మనం తెలుగులో అడుగుతాం. అడిగేవాడు ఆంధ్రావాడో తెలంగాణావాడో అని యంత్రం అనుకుని అక్కడి కనీస వేతనం చెప్పవచ్చు. పుట్టింది కోరాపుట్ అంటే ఒడిశా రేటు చెప్పవచ్చు. పని తిరుప్పూరులో అయితే ఆ రెండూ పనికిరావు. కనీస వేతనం పనిచేసే చోటుదే. కొటియా గ్రామాల వాళ్లకు రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి గాని, మిల్లు జీతానికి ఆ వెసులుబాటు లేదు! రాష్ట్రం పేరు, మిల్లు ఉన్న ఊరు, మీ కేటగిరీ మూడూ చెప్పి అడగండి. వీలైతే అదే ప్రశ్నను పిల్లల చేత ఇంగ్లీషులో కూడా అడిగించండి. ఒకే యంత్రం రెండు భాషల్లో రెండు జవాబులు ఇవ్వడం కద్దు.

తమిళంలోనో ఒడియాలోనో ఉన్న నోటీసును ఫోటో తీసి తెలుగు చేయించుకునేవాళ్లు రెండు ఏఐల చేత చేయించండి. తీసిన రెండు తెలుగులనూ పక్కపక్కన పెట్టి అంకెలు, తేదీలు, "కాదు", "లేదు" అనే మాటలు చూడండి. "ఇకపై నాకు మిల్లు నుంచి ఏ బాకీ లేదు" లాంటి వాక్యం ఒకదానిలో ఉండి ఇంకొకదానిలో లేకపోతే, సంతకం ఆపి ఆ భాష వచ్చిన మనిషి చేత చదివించండి. ఫోటో తీసేటప్పుడు పేరు, ఆధార్, పీఎఫ్ నంబర్లు వేలితో మూయండి. లెక్కకు అవేవీ అక్కరలేదు.

రేపు పొద్దున్న ఎనిమిది నుంచి ఇక్కడే కూర్చుంటాం. ఆఖరు మూడు నెలల జీతం చీటీలు, చేరిన తేదీ ఉన్న కాగితం, మిల్లువాళ్లు ఇచ్చిన లెక్క ఏదైనా ఉంటే అది, ఫోనుకు చార్జింగు పెట్టుకుని తీసుకురండి. ఒప్పందం మీద పనిచేసిన చెల్లెళ్లు ఆ ఒప్పందం కాగితం కూడా తేవాలి. సాయంత్రం బండికి వెళ్లేవాళ్లను ముందుగా చూస్తాం.