లోపమెరిగిన హృదయమే రాముని కోవెల



మనలో పలువురు ఆలయమునకు వచ్చియు, స్వామి సన్నిధిని సంకోచపడి నిలుచుచుందురు. “నా మనస్సు నిర్మలము కాదు. కష్టము వచ్చినపుడు దేవుని నిందించితిని. ఇక నమస్కరించుటకు నాకేమి అర్హత?” అని లోలోన కుములుచుందురు. ఈ సందేహమునకు సమాధానము భద్రాద్రి చరిత్రయందే కలదు.

నేలకొండపల్లిలో జన్మించిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీలుదారుగా వచ్చెను. భద్రగిరిపై పోకల దమ్మక్క యను భక్తురాలు పందిరి వేసి, తాటిపండ్లు నివేదించి, సీతారాములను సేవించెనని స్థలపురాణము. ఆ చోట ఆలయము కట్టింపవలెనని గోపన్న సంకల్పించెను. సంకల్పము పవిత్రమే, కాని సర్కారు పైకమును అనుమతి లేక వెచ్చించెనని అభియోగము వచ్చెను. 1672 నుండి 1687 వరకు గోలకొండ నేలిన తానీషా ఆయనను చెరలో నుంచెను. అచట పండ్రెండేండ్లు గడచెనని ప్రతీతి. మంత్రులైన అక్కన్న మాదన్నలు మేనమామలని చెప్పుదురు; ఆ బంధుత్వమును సంకెళ్లను విప్పలేకపోయెను.

ఆ చీకటిలో వెలువడిన కీర్తనలను గమనింపుడు. అన్నియు స్తుతులు కావు. తాను చేయించిన నగలను ఒక్కొక్కటిగా లెక్కించి, వాని వెల చెప్పి, రాముని నిలదీసిన కీర్తన యున్నది. ఆ కీర్తనయందే, దెబ్బలకు తాళలేక తిట్టితినని చెప్పి క్షమాపణ వేడినాడు. మరియొక చోట, తన మాట స్వామి చెవిని వేయుమని సీతమ్మను బతిమాలినాడు. కోపమైనను, కన్నీరైనను, వేడికోలైనను రామునితోనే! అలిగిన బిడ్డ తల్లిని కొట్టుచునే ఆమె కొంగును పట్టుకొనును. గోపన్న భక్తి అట్టిది.

శరణాగతికి పెద్దలు ఆరు అంగములు చెప్పిరి. అందు కార్పణ్య మొకటి. అనగా, “నావలన కాదు, నాయందు లోపమున్నది” అని దాపరికము లేక ఒప్పుకొనుట. పరిపూర్ణుడనని తలచువాని కీ అంగము కుదరదు. కావున మన కొరత మనలను స్వామికి దూరము చేయునది కాదు. దాచినపుడే దూరము చేయును.

అయితే ఇది తప్పును సమర్థించుట కాదు. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీలను పేర్లతో వచ్చి తానీషాకు పైకము చెల్లించిరని ఐతిహ్యము. ప్రభువు “బాకీ లేదు” అనలేదు, బాకీని తీర్చినాడు. భక్తుని ప్రేమించుట వేరు, ధర్మమును విడుచుట వేరు.

ఇంకొక విశేషము. ఒంటరి కొట్టులో పలికిన ఆ మాటలు నేడు ఊరూరి భజన మందిరములలో వేల గొంతులు కలిపి పాడుచున్నవి. త్యాగరాజస్వామి వంటి మహనీయుడు రామదాసును తన కృతులలో స్మరించెను. సుఖమున నున్నవాని పాట వినుటకు ఇంపుగా నుండును. బాధపడినవాని పాట మాత్రము మన పాటయే యగును.

కావున మహాశయులారా! మీ ఇరుగుపొరుగున ఎవరైనను దుఃఖములో దేవుని దూరినచో, వారిని పాపులని తొలగింపకుడు. ప్రక్కన కూర్చుండి వినుడు. మీకును అట్టి దినము వచ్చినచో, మౌనముగా వెనుదిరుగక, మీ మొర నచటనే చెప్పుకొనుడు. స్వామి ముఖము చాటుచేయడు. మనము చాటుచేయకున్న చాలును.

శ్రీరామచంద్రార్పణమస్తు. స్వస్తి.