సాయంత్రం చాయ్ – రాత్రి నిద్ర

(కొత్వాల్‌గూడలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పై మూడేళ్లు ఫైళ్లతో కాలం గడిపినవాణ్ణి. అయినా కార్యదర్శిగారు మాట్లాడమంటే ఒప్పుకున్నాను. ఎందుకంటే ఇది నా ఒంటి మీదికి వచ్చిన సంగతి.

రిటైరయ్యాక నాకు నిద్ర కరవైంది. రాత్రి ఒంటిగంట దాకా శంషాబాదులో దిగే విమానాలను లెక్కపెడుతూ పడుకునేవాణ్ణి. ఆ చప్పుడే కారణమనుకున్నాను. "విమానాశ్రయం 2008లోనే వచ్చింది కదా, ఉద్యోగం చేసిన రోజుల్లో ఇదే చప్పుడులో గుర్రుపెట్టి నిద్రపోయేవారు" అని మా ఆవిడ అన్నది. నేను వినిపించుకోలేదు. తెలిసినాయన వాడే నిద్రమాత్ర అడిగి తెచ్చుకున్నాను. ఒక రాత్రి ఆ మత్తులోనే బాత్రూముకు లేచి జారిపడ్డాను. ముంజేయి విరిగింది.

కట్టు కట్టిన డాక్టరుగారు "రోజుకు ఎన్నిసార్లు టీ, కాఫీ తాగుతారు?" అని అడిగారు. పొద్దున రెండు కాఫీలు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా మిత్రులతో హోటల్లో మూడు చాయ్‌లు. ఆఫీసు రోజుల్లో ఆఖరి టీ మూడున్నరకే అయిపోయేది. తేడా అక్కడుంది!

ఆయన చెప్పింది, తరువాత నేను చదివి తెలుసుకున్నది మీ ముందుంచుతాను.

మన కణాలు పనిచేయడానికి ఏటీపీ, అంటే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అనే ఇంధనం కావాలి. దీన్ని 1929లో అమెరికాలోని హార్వర్డులో ఫిస్కేతో కలిసి కనుగొన్నవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. జర్మనీలో లోమాన్ కూడా అదే ఏడు విడిగా కనుగొన్నారు. మనం మెలకువగా ఉండి మెదడు పనిచేసేకొద్దీ ఈ ఇంధనం ఖర్చయి, అడినోసిన్ పోగవుతుంది. అది మెదడు కణాల మీదున్న గ్రాహకాలలో కూర్చుంటే కణాలు నెమ్మదిస్తాయి, నిద్ర ముంచుకొస్తుంది. నిద్రపోతే ఆ నిల్వ తగ్గుతుంది.

కాఫీ, టీలలోని కెఫీన్ ఆకారం అడినోసిన్‌ను పోలి ఉంటుంది. అది వెళ్లి ఆ గ్రాహకాలలో కూర్చుంటుంది. కానీ నిద్ర పొమ్మనే సంకేతం ఇవ్వదు. మన భాషలో చెప్పాలంటే, ఇంకొకరి సీటులో కూర్చుని, తాను పని చేయడు, వచ్చినవాణ్ణి కూర్చోనివ్వడు! బయట వరండాలో అడినోసిన్ బారు తీరి నిలబడుతుంది. కెఫీన్ లేచిపోగానే అందరూ ఒక్కసారిగా లోపలికి వస్తారు. చాయ్ దిగిపోయాక వచ్చే నీరసం అదే. కాబట్టి చాయ్ బలం ఇవ్వదు, అలసటను వాయిదా వేస్తుందంతే. ఆ గ్రాహకాలలో కొన్ని అడ్డుపడితే డోపమిన్ ప్రభావం పెరుగుతుంది. కప్పు పట్టగానే కబుర్లు ఊరేది అందుకే.

తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. మనిషిని బట్టి ఇది మారుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు వాడితే ఇంకా ఆలస్యమవుతుంది. ఏడింటికి తాగిన చాయ్‌లో సగం అర్ధరాత్రికి కూడా నాలోనే ఉండేదన్నమాట!

అయితే చాయ్‌ని శత్రువుగా చూడనక్కరలేదు. మా అబ్బాయి రాత్రి డ్యూటీ ముగించుకుని ఔటర్ రింగు రోడ్డు మీద కారు నడపాలంటే ఒక కప్పు మేలే చేస్తుంది. మితమే ముఖ్యం. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65. రోజుకు 300 మించవద్దన్నారు. భోజనానికి గంట ముందూ, గంట తరువాతా తాగవద్దని కూడా చెప్పారు. తాగితే ఆహారంలోని ఇనుము సరిగా ఒంటబట్టదు.

ఒక హెచ్చరిక. ఈ మాట విని రేపే మానేయకండి. నేను అదే చేశాను. రెండో రోజు తల పగిలిపోయే నొప్పి, చిరాకు. మెదడులో ఏదో అయిందని భయపడి ఇంటిల్లిపాదినీ కంగారు పెట్టాను. రోజూ కెఫీన్ అడ్డుపడుతుంటే మెదడు సర్దుకుని ఉంటుంది. అది ఒక్కసారిగా ఆగితే అడినోసిన్ పైచేయి అయి మెదడులో రక్తనాళాలు వ్యాకోచిస్తాయి. ఏకాదశి ఉపవాసం నాడు కాఫీ కూడా మానినవారికి వచ్చే తలనొప్పికి చాలాసార్లు ఇదే కారణం. వారానికో కప్పు చొప్పున తగ్గించాలి. గుండె పరీక్షకు వెళ్లేముందు టీ, కాఫీ ఆపమంటే తప్పక ఆపండి. కొన్ని పరీక్షల్లో అడినోసిన్‌నే ఎక్కిస్తారు. కెఫీన్ అడ్డుంటే ఫలితం సరిగా రాదు.

ఇప్పుడు నా ఆఖరి చాయ్ మధ్యాహ్నం రెండున్నరకు. సాయంత్రం హోటలుకు వెళ్లడం మానలేదు. మిత్రులు చాయ్, నేను మజ్జిగ. కబుర్లకు లోటు లేదు. విమానాలు ఇంకా దిగుతూనే ఉన్నాయి, నేను లెక్కపెట్టడం లేదు. నిద్ర పట్టని మిత్రులెవరైనా ఇరుగుపొరుగు మాత్ర అడిగే ముందు, తాము తాగే కప్పులు లెక్కపెట్టుకోండి. ఆ లెక్క తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. విరిగిన చేయి చెబుతున్న మాట ఇది.

బయట చాయ్ సిద్ధంగా ఉందట. గడియారం చూసుకుని తాగవలసిందిగా మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.