క్రుంగు నేలకు పటము

బోనకల్ స్టేషను గుండా సాగిపోవు బొగ్గుబండ్లను ఈ ప్రాంతపు శ్రోతలు చూచుచునే ఉందురు. ఆ బొగ్గు తీసిన చోట నేల క్రింద ఎంత ఖాళీ మిగిలినదో తలంచువారు తక్కువ. ఇచ్చటినుండి ఖమ్మం మీదుగా డోర్నకల్ చేరినచో, అచ్చట చీలిన రైలుశాఖ ఇల్లెందు, కొత్తగూడెముల బొగ్గుసీమకు పోవును. ఇల్లెందు చెంత 1871లో బొగ్గును గుర్తించినవాడు భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్. ఆ శతాబ్ది ముగియకమునుపే తవ్వకము సాగినది.

భూగర్భ గనిలో మొదట దారులు తొలిచి, నడుమ బొగ్గునే స్తంభములుగా విడుతురు. పిదప ఆ స్తంభములను కూడ తీయుదురు. దీనినే గనివారు డీపిల్లరింగు అందురు. ఖాళీని ఇసుకతో నింపినచో క్రుంగుబాటు చాల తగ్గును, బొత్తిగా పోదు. కప్పును కూలనిచ్చినచో పైనేల పళ్లెమువలె వంగును. విచిత్రమేమనగా, గోడలు పగులుట పళ్లెము నడుమ కంటె అంచుననే ఎక్కువ. అచ్చట నేల సాగి చీలును.

ఆ అంచును ముందుగా గీయుటయే పటము వ్రాయువారి పని. పొర మందము, లోతు, తవ్విన వెడల్పు, పైరాతి స్వభావము తెలియవలెను. బ్రిటను గనులలో క్రుంగుబాటు నిలువుగీతనుండి సుమారు 35 డిగ్రీల వాలున వెలుపలకు ప్రాకునని లెక్కించిరి. అనగా నూరు మీటర్ల లోతు గనికి, తవ్విన హద్దు దాటి 70 మీటర్లు. ఈ అంకెను ఎరువు తెచ్చి గోదావరి లోయకు అతికించుట మాకు సమ్మతము కాదు. ఇచ్చటి ఇసుకరాతి తీరు వేరు. ఇచ్చటనే రాళ్లు పాతి, ఏటేట మట్టము కొలువవలెను.

లోతు తక్కువైన పాత గనుల సంగతి మరింత చిక్కు. స్తంభము నాని, పెచ్చులూడి, ఒక వానకారున చేనిలో నుయ్యివంటి గొయ్యి పడును. దానికి తిథి చెప్పు పంచాంగము లేదు. చోటు మాత్రము చెప్పవచ్చును, పాత గనిపటము దొరికినచో. లేనిచో బోర్లు వేసి వెదకవలసినదే. 2025 జూలై 30న శ్రీహరికోటనుండి ఎగసిన నైసార్ ఉపగ్రహము పన్నెండు దినములకొకమారు అదే నేలపై రాడారు సారించి, సెంటీమీటర్ల కదలికను కూడ పట్టగలదు. అయినను అది వంగుచున్న నేలను చూచునే గాని, క్రిందనున్న ఖాళీని చూడజాలదు.

కనుక ఊరివారి జ్ఞాపకమును కూడ పటముపైకి ఎక్కించవలెను: ఏ బావినీరు ఉన్నట్టుండి దిగినది, ఏ గట్టు ఒరిగినది, ఎచ్చట నీరు క్రొత్తగా నిలుచుచున్నది. అట్టి పటము బీరువాలో కాక పంచాయతీ గోడపై ఉండవలెనని మా అభిప్రాయము. గనుల చేరువ ఇల్లు కట్టదలచినవారు పునాదికి ముందే, తమ స్థలము క్రింద తవ్వకమున్నదా, ఎంత లోతున, స్తంభములు ఉంచిరా తీసిరా అని గని అధికారులను వ్రాతమూలకముగ అడుగుదురు గాక.