హెస్సే రాజకుమారి ఎలిజబెతు పూర్వికులు



మత్తయి సువార్త వంశావళితో ఆరంభమగుచున్నది. చదువునప్పుడు మనలో అనేకులము ఆ పేర్లను దాటి పోవుదుము. ఈ పూట మేము మరియొక వంశావళిని మీ ముందుంచుచున్నాము. అది జర్మనీలోని హెస్సే రాజకుమారి ఎలిజబెతుది.

ఈమె 1864లో డార్మ్‌స్టాట్ చెంత జన్మించెను. తల్లి ఆలిస్, విక్టోరియా రాణి కుమార్తె. బిడ్డకు పెట్టిన పేరు తండ్రివైపు పూర్వికురాలైన హంగేరీ ఎలిజబెతుది. ఆ మహాతల్లి 1207లో రాజు ఇంట పుట్టి, ఇరువదేండ్లకే విధవరాలై, 1228లో మార్బుర్గ్‌లో ఆసుపత్రి కట్టించి, రోగులకు స్వయముగా పరిచర్య చేసి, 1231లో 24 ఏండ్లకే కన్నుమూసెను. ఆమె కుమార్తె సోఫియా. సోఫియా కుమారుడు హెన్రీయే హెస్సేకు మొదటి ప్రభువు.

ఆ వంశములోనివాడే ఫిలిప్ ప్రభువు. 1529లో లూథరును, జ్వింగ్లీని మార్బుర్గ్‌లో ఒక్కచోట కూర్చినది ఆయనే. 1533లో మఠములను ఆసుపత్రులుగా మార్చెను. అయినను 1540లో, భార్య బ్రతికియుండగానే, మరియొకరిని పెండ్లాడి అపకీర్తి పాలయ్యెను. వంశావళిలో కీర్తి ఒక్కటే ఉండదు గదా!

తల్లివైపునుండి హీమోఫీలియా, అనగా నెత్తురు గడ్డకట్టని వ్యాధి, ఆ ఇంట ప్రవేశించెను. 1873లో రాజకుమారి తమ్ముడు ఫ్రెడరిక్ రెండేండ్ల ప్రాయమున కిటికీనుండి పడి, దానివలననే మరణించెను. 1878లో తల్లి, డిఫ్తీరియా సోకిన భర్తకును బిడ్డలకును సేవచేసి, అదే రోగముతో చనిపోయెను.

రాజకుమారి రష్యా రాజకుటుంబమునకు కోడలాయెను. 1905లో భర్త సెర్గీ బాంబుకు బలికాగా, ఆమె చెరసాలకు వెళ్లి హంతకుని చూచి క్షమించెను. తన నగలమ్మి, 1909లో మాస్కోలో మార్త మరియల పేర పరిచర్య గృహము స్థాపించెను. 1918లో బోల్షివిక్కులు ఆమెను గని గోతిలో పడద్రోసి చంపిరి. ఆమెకు సంతానము లేదు.

“మా తాతయే ఈ ఊర మొదట బాప్తిస్మము పొందెను” అని చెప్పుకొనువారము మనలోను గలము. అది సంతోషింపదగినదే. అయితే ఈ రాజకుమారికి పేరును, నెత్తురును అడుగకయే వచ్చినవి. చెరసాల గడప మాత్రము ఆమె తానే దాటవలసివచ్చెను. ఈ శతవత్సర దినములలో మన పెద్దల పేర్లు చదువునప్పుడు, వారు చేసిన పనిలో మన చేతికి మిగిలినది ఏదో కూడ విచారింతము.