చేపల జాడ – చెరువుల మేలు

(కార్ఖానాలో జరిగిన సంఘ వార్షిక సమావేశమున చేసిన ఉపన్యాసము)



మత్స్యవృత్తిని గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. గంగపుత్రులకు చేపను గూర్చి చెప్పుట తాతకు దగ్గులు నేర్పుట వంటిది. అయినను ఇటీవల మనలో పొడసూపిన యొక చిక్కును మనవి చేయక తప్పదు.

పూర్వము ఏ మడుగున ఏ చేప నిలుచునో తండ్రి కొడుకునకు చెప్పెడివాడు. పొరుగువానికి చెప్పెడివాడు కాడు. ఆ గుట్టువలన చెరువు నిలిచినది. కాని తండ్రిని గోల్పోయిన బాలుడు వృత్తి నేర్వలేక కూలికి పోయినాడు. నేడు ఈ కార్ఖానాలో కాపురముండి, సెలవునాడు గాలము చేతబట్టి పోవు మన యువకులు చేప చిక్కిన మరుక్షణమే చెరువు పేరును, గట్టు గురుతును ఛాయాపటముతోగూడ చరవాణిలో వందలమందికి పంపుచున్నారు. వారి యుద్దేశము మంచిదే. ఫలితము వేఱుగా నున్నది.

మేమును ఆ తప్పు చేసినవారమే. ఒకయేడు తొలకరి దినములలో ఒక పల్లెచెరువున తుంగ నడుమ కొఱమీను పిల్లల గుంపును చూచి, సంతోషము పట్టలేక మిత్రులకు జాడ చెప్పితిమి. కొఱమీను లోతులేని నీట గడ్డి నడుమ గ్రుడ్లు పెట్టును. పిల్లలు ఎఱ్ఱని మబ్బువలె నీటిపైకి తేలునప్పుడు తల్లిదండ్రులు క్రిందనుండి కావలి కాయును. కావున పిల్లల జాడ చెప్పుట పెద్దచేపల జాడ చెప్పుటయే. వారము తిరుగకమున్నే గాలములవారు ఆ జంటను పట్టుకొనిపోయిరి. పిల్లల మబ్బు మరల కానరాలేదు. చెరువును గుత్తకు తీసికొన్న సహకార సంఘమువారు మమ్ము ఒక్క మాటయు అనలేదు. ఆ మౌనమే మాకు శిక్ష.

అట్లని నోరు కట్టివేసికొనవలయునా? అక్కరలేదు. ఈ నగరముననే, ప్రగతినగరున, భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము కలదు. అది 1999లో స్థాపింపబడినది. ఉపగ్రహముల సాయమున కడలినీటి వేడిమిని, పచ్చని నాచుజీవుల రంగును కనిపెట్టి, చేపలు గుమిగూడు తావులను తీరవాసులకు తెలుగున తెలుపుచున్నది. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. ఆ నిషేధకాలమున ఈ కేంద్రమును చేపల తావులు తెలుపదు. చెప్పుటయే పనిగా గలవారు సయితము చెప్పరాని కాలము నెఱిగియున్నారు. మనకు చెరువులయెడ ఈ వివేకము వలదా?

మృగశిర కార్తె రాగానే నగరమంతయు చేపకై ఎగబడును. చెరువులలో చేపలు ఈనుకాలమును దానివెంటనే వచ్చును. కావున మా మనవి యిది. గాలము కట్టు తీరు, ఎర, వలకన్ను కొలత, అంగడి ధర – వీనిని అందఱికిని చెప్పుడు. కొఱమీను గూడును, పిల్లల గుంపును మాత్రము చెప్పకుడు. చిన్నచెరువుల పేరు గుత్తదారు సంఘము సమ్మతి లేనిదే చాటకుడు. నీట విషము కలుపువారిని, మందుగుండు పేల్చువారిని మాత్రము దాచకుడు. 1897 నాటి మత్స్యశాసనమే ఆ పనులను నేరముగా నెంచినది. అట్టిచోట గుట్టు పాటించుట దొంగకు తోడ్పడుటయే.

విద్యను పంచినకొలది పెరుగును. గూటిజాడను పంచినకొలది చెరువు తరుగును. ఈ భేదమును మన పిల్లలకు నేర్పితిమేని వారి వలలు వట్టిపోవు. ఇంతటితో విరమించుచున్నాము.