ఉమ్మడి కంప్యూటరు



మా అన్నోజిగూడవంటి యూళ్లలో, పఠనమందిరమున పదుగురికి ఉమ్మడిగా నొక కంప్యూటరు పెట్టఁదలఁచినవారు, దానిని నడపు ఆపరేటింగు సిస్టము నెట్లెన్నుకొనవలెనో నేఁడు మనవి చేసెదను.

సొంత యంత్రము యజమానుని గుర్తుంచుకొనవలెను. ఉమ్మడి యంత్రము వచ్చినవానిని వెంటనే మఱవవలెను. ఒక వృద్ధుఁడు పింఛనుకై తన ఆధారు సంఖ్యను, బ్యాంకు ఖాతాను అందు వ్రాసి లేచిపోయెననుకొనుఁడు. ఆ గుర్తులు నిలిచియున్నచో, తరువాత కూర్చున్నవాఁడు దొంగ కానక్కఱలేదు. కుతూహలము చాలును, ముసలివాని గుట్టు బయలగుటకు.

కావున వచ్చువారికి గెస్టు ఖాతా నేర్పఱచి, అందలి ఫైళ్లు ర్యాములోనే యుండి, లాగౌటు కాఁగానే నశించునట్లు అమర్పవలెను. క్రొత్త ప్రోగ్రాములఁ జేర్చు నధికారము పర్యవేక్షకునకే యుండవలెను.

రెండవది ఆయుర్దాయము. విండోస్ 10 నకు మైక్రోసాఫ్టువారి సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. పాత యంత్రము లనేకము విండోస్ 11 నకుఁ దగవు. అంతమాత్రమున వానిని పాఱవేయ నక్కఱలేదు. 1993లో నారంభమైన డెబియను వెల లేక లభించును; దాని స్థిరమైన కూర్పులకు సుమారైదేండ్లు రక్షణసవరణలు వచ్చుచుండును. తెలుగున వ్రాయుటకును వీలు కలదు. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో నిట్టి గ్నూ లినక్సే నడచుచున్నది.

అయినను కొన్ని ప్రింటర్లు, వ్రేలిముద్ర పరికరములు దీనితోఁ బొసఁగవు, కొనకముందే పరీక్షింపుఁడు. పిమ్మట గెస్టు ఖాతాలో మీరే యొక కాగితము వ్రాసి, లాగౌటుచేసి, మరల వెదకి చూడుఁడు. అది కనఁబడనినాఁడే యంత్రమును ప్రజల కప్పగింపుఁడు.